చివరి నల్లాలో క్లోరిన్ లేదా? ఎక్కడ పోతోందో ఈపానెట్‌తో ఇలా పట్టుకోండి

ట్యాంకు దగ్గర క్లోరిన్ బాగానే ఉంటుంది, కాలనీ చివరి నల్లా నీళ్లలో క్లోరిన్‌ను పట్టిచూపే డీపీడీ మాత్ర వేస్తే మాత్రం గులాబీ రంగే రాదు. వెంటనే ఫిల్టర్ బెడ్‌లో, అంటే నీటిశుద్ధి కేంద్రంలో, క్లోరిన్ డోసు పెంచేస్తారు. దాంతో ట్యాంకు పక్క ఇళ్లవాళ్లు వాసనని గొడవ పెడతారు, చివరి ఇళ్లకు మాత్రం పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. క్లోరిన్ దారిలో ఎక్కడ పోతోందో ముందు తెలియాలి. అందుకు అమెరికా పర్యావరణ సంస్థ ఉచితంగా ఇచ్చే ఈపానెట్ చాలు. పైపుల్లో నీరు, క్లోరిన్ ఎలా సాగుతాయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఇది, మామూలు ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది.

వరంగల్ లాంటి ఊరి పైపులన్నీ అందులో ఒకేసారి గీయాలని కూర్చోకండి. ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు, దాని కింది కాలనీలు తీసుకోండి చాలు. పైపుల మ్యాపు చేతిలో ఉన్నా సరే, వాల్వులు తిప్పే లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని ఆ ఏరియా అంతా నడవండి, ఎందుకంటే ఏ వాల్వు ఎప్పట్నుంచి మూసి ఉందో, పాత లైను ఎక్కడ కలిపారో ఆయనకు తెలిసినట్టు ఏ మ్యాపుకీ తెలియదు.

యూనిట్లు జీపీఎంలో (నిమిషానికి గ్యాలన్లు) ఉంటే ఎల్‌పీఎస్‌కు (సెకనుకు లీటర్లు) మార్చండి. అప్పుడు పైపు వ్యాసం మిల్లీమీటర్లలో, పొడవు మీటర్లలో ఇవ్వొచ్చు. పైపు లోపల ఎంత నునుపో చెప్పే హేజెన్-విలియమ్స్ 'సి' విలువ కొత్త పీవీసీకి 140-150, తుప్పు పట్టిన పాత ఇనుప పైపుకు 100 కన్నా తక్కువ ఉండొచ్చు. మొదట క్లోరిన్ జోలికి పోకుండా 'ఏజ్' ఆప్షన్‌తో నీటి వయసు, అంటే నీరు ట్యాంకులో, పైపుల్లో ఎన్ని గంటలుగా ఉందో, చూడండి. రన్ 24 గంటలకే ఆపకండి, ట్యాంకులో నీటి వయసు నిలకడకు వచ్చేదాకా కనీసం 72 గంటలు నడపండి. నీరు ఎక్కువసేపు నిలిచే డెడ్ ఎండ్‌లు, అంటే ముందుకు దారిలేని పైపు చివరలు, ఇక్కడే బయటపడతాయి.

ఆ తర్వాత బాటిల్ పరీక్ష, దీన్ని మాత్రం వదిలేయకండి. ఫిల్టర్ బెడ్ నుంచి వచ్చే నీటిని శుభ్రమైన గాజు సీసాల్లో అంచుదాకా నింపి, గాలి లేకుండా మూతపెట్టి చీకట్లో ఉంచండి. మొదట ఒకసారి, తర్వాత 2, 6, 12, 24 గంటలకు ఒక్కో సీసా తెరిచి క్లోరిన్ కొలవండి. లీటరుకు 1.0 మిల్లీగ్రాము 24 గంటల్లో 0.6 అయితే తగ్గుదల గుణకం (క్లోరిన్ ఎంత వేగంగా తగ్గుతోందో చెప్పే సంఖ్య) రోజుకు 0.51, ఈపానెట్‌లో మైనస్ గుర్తుతో ఇవ్వాలి. ఈ లెక్కన 1.0తో బయల్దేరిన నీటిలో 48 గంటల తర్వాత 0.36 మిగలాలి. నల్లా దగ్గర 0.1 వస్తే, ముందు మోడల్‌లో వాల్వులు, నీటి వయసు సరిచూడండి. అవి సరిగ్గానే ఉంటే మిగతాది పైపు గోడలు తింటున్నట్టు, లేదా ఎక్కడో లీకేజీ నుంచి మురుగు కలుస్తున్నట్టు. రెండోదైతే చాలా ప్రమాదం, తవ్వి చూడాల్సిందే.

లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలని మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది, వైరస్ భయం ఉన్నచోట 0.5. అంత రాకపోతే డెడ్ ఎండ్ దగ్గర వాష్‌అవుట్ (నీరు బయటికి వదిలే వాల్వు) తెరిచి కడగడం, ట్యాంకు దగ్గర మళ్లీ కొంత క్లోరిన్ కలిపే బూస్టర్ డోసు, ట్యాంకులో నిల్వ తగ్గించడం, వీటిలో ఏది పనిచేస్తుందో మోడల్‌లోనే వేసి చూసుకోండి.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. పైపులు ఎప్పుడూ నిండుగా ఉంటాయనుకునే ఈపానెట్ లెక్క వేస్తుంది. నీళ్లు విడిచి ఆపే మన లైన్లలో ఖాళీ పైపులోకి బయటి మురికి చేరడం అందులో కనబడదు, కాబట్టి సప్లై మొదలైన తొలి నిమిషాల నీటిని విడిగా పరీక్షించండి. బాటిల్ పరీక్ష మేలో మళ్లీ చేయండి. ఎండ వేడికి క్లోరిన్ తొందరగా తగ్గుతుంది, జనవరిలో తీసిన గుణకం అప్పుడు పనికిరాదు.