డస్ట్ కలెక్టర్ పీల్పు ఎలా పెరిగిందంటే: నా అనుభవం

బొబ్బిలిలో మా ఇంటి వెనుక షెడ్డులో పనస చెక్క కోస్తే సన్నని పసుపు పొడి గాలిలోనే తేలేది. పొడిని ఫ్యానుతో సంచిలోకి లాగే యంత్రం (డస్ట్ కలెక్టర్) తిరుగుతున్నా పీల్చేది కాదు. సంచి దులపడం, కొత్త సంచి వేయడం, అతుకులకు టేపు చుట్టడం ఏవీ ఫలించలేదు.

పనిచేసింది గొట్టాల మార్పే. ముందు కరెంటు ప్లగ్గు తీశాను. ముడతల గొట్టం, 63 మి.మీ. పైపు తొలగించి, కలెక్టర్ నుంచి రంపం దాకా 110 మి.మీ. పీవీసీ పైపు వేశాను. మలుపులో 90 డిగ్రీల ఎల్బో (వంపు ముక్క) బదులు 45 డిగ్రీలవి రెండు కలిపాను. అసలు కీలకం ఆఖరిది: రంపం కింద పొడి బయటికి వచ్చే మూతిని కూడా అదే వెడల్పుకు కోశాను. అది ఇరుకైతే ఎంత పెద్ద పైపు వేసినా గాలి అక్కడే బిగుసుకుంటుంది. ఇప్పుడు బల్ల మీద చేయి రాస్తే పొడి దాదాపు అంటడం లేదు.

ఇది పెద్ద ఫ్యాను ఉన్న సంచి కలెక్టర్లకే. వాక్యూమ్ క్లీనర్ తరహా వాటికి నప్పకపోవచ్చు. మరీ సన్నని ధూళి సంచి దాటి వస్తుంది గనుక మాస్కు మాత్రం మానలేదు.