తులసికోట చుట్టూ చుక్కల వెలుగు

తులసికోట చుట్టూ ఫైబర్ ఆప్టిక్ లైట్లు పెట్టించాం. ఎల్ఈడీ పెట్టె వరండాలోనే ఉంటుంది, మొక్కల్లోకి వెళ్లేవి ప్లాస్టిక్ పోగులే. వాటిలో కరెంటు ఉండదు, వెలుగు మాత్రమే. రోజూ నీళ్లు పోసే చోటైనా షాక్ టెన్షన్ లేదు.

కానీ మొదటి రోజు నుంచే పోగుల చివర మెరిసే చుక్కల్లో సగం మసక. ఎల్ఈడీకి శక్తి చాలట్లేదనుకుని ఇంకొకటి కొన్నా. డబ్బు దండగ! పోగుల కట్టను పెట్టెలోంచి లాగి చూస్తే సంగతి తెలిసింది. కత్తెరతో కోయడం వల్ల కొసలు నలిగి, తెల్లగా పగుళ్లు తేలాయి. కొత్త బ్లేడుతో ఒక్కో కొసనీ తిన్నగా కోసి, తడిపిన వాటర్ పేపర్ (నునుపు చేసే గరుకు కాగితం) మీద, ముందు 400, తర్వాత ఇంకా సన్నని 1000 నంబరుతో, గుండ్రంగా రుద్దాను. కొస గాజులా మెరిసింది. గోడ మూలలో మరీ మడిచిన చోట వెలుగు పక్కకి కారిపోతోంది. ఆ వంపు వదులు చేశా. ఉడత కొరికిన పోగును మాత్రం వదిలేశా.