సెకండ్ హ్యాండ్ కారులో కూలెంట్ తగ్గుతోందా, ఇంజన్ హీటెక్కుతోందా?

అమ్మే ముందు కారు కడిగిస్తారు, బానెట్ కింద మెరిపిస్తారు, ప్లాస్టిక్ డబ్బాలో రంగు నీళ్ళు నిండుగా పోస్తారు. రేడియేటర్ మాత్రం సగం ఖాళీగా ఉండొచ్చు. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే రేడియేటర్ మూత తీసి చూడండి, అంచు దాకా ఉండాలి. వేడి మీద మాత్రం ముట్టుకోవద్దు. 1.1 బార్ ఒత్తిడి ఆపే మూత కింద కూలెంట్ 120 డిగ్రీలకు కూడా మరగదు, మూత వదులైతే ఒక్కసారిగా మరిగి మొహాన కొడుతుంది. రేడియేటర్‌కు మూతే లేని మోడళ్ళలో ప్రెజర్ డబ్బా లెవెల్ చూస్తే చాలు.

లోపల తుప్పు నీళ్ళుంటే ఇన్నాళ్ళూ కూలెంట్ లేకుండా నడిపారన్నమాట. మూత అంచున తెల్లటి పెచ్చు కడితే పోసింది బోరు నీళ్ళు. పసుపు మడ్డి కనిపిస్తే లీకు మూయడానికి వంటింటి పసుపో లీకు పౌడరో వేసి ఉంటారు. దారిలో ఆగిన లారీని పసుపు ఇంటికి చేరుస్తుందేమో గానీ, కారు రేడియేటర్ సన్న గొట్టాల్లో అదే అడ్డం పడుతుంది.

కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క లేదు

డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి, వారం పాటు చల్లటి ఇంజన్ మీదే చూడండి. వేడి ఇంజన్ మీద పడిన చుక్క అక్కడే ఆవిరైపోతుంది, రంగు మరక మాత్రం మిగులుతుంది. హోస్ క్లిప్పులు, రేడియేటర్ పక్క ప్లాస్టిక్ అతుకులు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం వెతకండి. ముందు సీటు మ్యాట్ తడిగా, జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్ కాయిల్ లీకు. వాసన లేని ఉత్త నీళ్ళయితే ఏసీ డ్రెయిన్ పైపు పూడిందేమో చూడండి. ఏమీ దొరక్కపోతే చేతిపంపున్న ప్రెజర్ టెస్టర్‌తో మూత మీద రాసిన ప్రెజర్ ఎక్కించి పావుగంట ఆగితే, లీకున్న చోటు బయటపడుతుంది. మూత రబ్బరు గట్టిపడితే మూత మార్చండి, అదే రేటింగ్‌ది.

ట్రాఫిక్‌లో హీటెక్కుతుంది, హైవేలో మామూలే

అనుమానం ఫ్యాన్ మీద. ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు చూడండి, తర్వాత అదే నంబరున్న పక్క రిలే (కరెంటు ఇచ్చే చిన్న స్విచ్ డబ్బా) మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే కనెక్టర్ తీసి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. తిరిగితే మోటార్ మంచిదే, తప్పు వైరింగ్‌లోనో సెన్సార్‌లోనో ఉంది.

దీనికి ఉల్టాగా హైవే మీదే హీటెక్కితే రేడియేటర్ పూడుకుపోయి ఉంటుంది, లేదా వాటర్ పంపు రెక్కలు అరిగి ఉంటాయి.

టెంపరేచర్ ముల్లు పైకే రాదు

ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వ్ పీకేసి ఉంటారు. హీటెక్కే బండికి మన దగ్గర చేసే పాత చిట్కా ఇది. ఇంజన్ చల్లగానే ఉందనుకుని ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. కొత్త వాల్వ్‌ను బిగించే ముందు దారంతో కట్టి నీళ్ళ గిన్నెలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి. దాని మీద కొట్టిన 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి.

నడుస్తుండగా ముల్లు టక్కున కిందికి పడిందా? సంతోషించకండి, వెంటనే ఇంజన్ ఆపండి. కూలెంట్ మొత్తం పోయి, సెన్సార్ ఉత్త గాలిలో ఉండొచ్చు.

తెల్ల పొగ, బుడగలు

పొద్దున కాసేపు వచ్చి పోయే పొగ మామూలే. ఇంజన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య సీలు) పోయిందని అనుమానించాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పై హోస్ రాయిలా గట్టిపడినా, రేడియేటర్ నోట్లో బుడగలు ఎంతకీ ఆగకపోయినా అనుమానం బలపడుతుంది. రూఢి చేసుకోవడానికి, కూలెంట్‌లోకి ఇంజన్ పొగ వస్తోందా అని చూసే బ్లాక్ టెస్టర్ ఉంది, పెట్రోల్ బండిలో నీలం ద్రవం పసుపు రంగుకు తిరిగితే తేలిపోయినట్టే. ఆయిల్ మూత కింద కాస్త మీగడ కనిపించగానే హెడ్ విప్పించకండి, వానాకాలం చిన్న ట్రిప్పులకూ అది పడుతుంది. డిప్ స్టిక్ మీదే పాలు కలిపిన కాఫీలా ఉంటే మాత్రం స్టార్ట్ చేయొద్దు. డీజిల్ అయితే ముందు ఆయిల్ కూలర్, ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చేది) చూపించండి, అవీ ఇవే లక్షణాలు చూపిస్తాయి.

హెడ్ దించాక స్కేలు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టి వంపు కొలిపించండి. చాలా మాన్యువల్స్‌లో హద్దు 0.05 మిల్లీమీటర్లు. దాటితే లేత్ షాపులో ఫేసింగ్ (హెడ్ అడుగు చదును చేయడం), పగుళ్ళకు ప్రెజర్ టెస్ట్. ఫేసింగ్ చేయకూడని డీజిల్ హెడ్లూ ఉన్నాయి, అడిగి చేయించండి. సాగే రకం బోల్టులైతే కొత్తవే వేయించండి.

మళ్ళీ నింపేటప్పుడు

డిస్టిల్డ్ వాటర్‌తో, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. 5 లీటర్ల సిస్టంలో డ్రెయిన్ చేసినా బ్లాకులో లీటరున్నర నిలిచిపోతుందనుకుందాం. దాని మీద సగం నీళ్ళు కలిపి అమ్మే కూలెంట్ మూడున్నర లీటర్లు పోస్తే మిశ్రమం 35 శాతమే. అందుకని ముందు రెండున్నర లీటర్ల కాన్సంట్రేట్ పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. రంగు చూసి కొనొద్దు, మాన్యువల్లో రాసిన స్పెసిఫికేషన్ చూడండి. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా ఆపి, హీటర్ ఫుల్లుగా తిప్పి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచితే గాలి బయటికి పోతుంది. మర్నాడు లెవెల్ కాస్త దిగడం మామూలే, పోసి మళ్ళీ గీత గీయండి. ఆ తర్వాత కూడా దిగుతుంటే లీకు ఇంకా ఉన్నట్టే.