హిమోఫీలియా పిల్లాడితో వేసవి సెలవులకు ఊరెళ్తున్నారా?

ముందు దారి లెక్క చూసుకోండి. ఊరి నుంచి ఫ్యాక్టర్ (హిమోఫీలియాలో లోపించే, రక్తం గడ్డకట్టించే ప్రోటీన్) దొరికే ఆసుపత్రికి గంటకు మించి పడుతుందంటే, తలకు దెబ్బ తగిలితే వేయాల్సిన పూర్తి డోసు మీ దగ్గరే ఉండాలి. హిమోఫీలియా-ఎ పిల్లలకు కిలో బరువుకు 1 యూనిట్ ఫ్యాక్టర్ 8 వేస్తే రక్తంలో దాని స్థాయి సుమారు 2 శాతం పెరుగుతుంది. తల దెబ్బకు 80 నుంచి 100 శాతం కావాలి. 20 కిలోల పిల్లాడికైతే 800 నుంచి 1000 యూనిట్లు. బి రకానికి ఫ్యాక్టర్ 9, లెక్క వేరు. డాక్టరు చేత రాయించుకోండి.

ఫ్యాక్టర్ వయల్స్ (మందు సీసాలు) 2-8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఐస్‌కు ఆనించకుండా గుడ్డ చుట్టండి, గడ్డకట్టిన మందు పనికిరాదు. కలిపేటప్పుడు కుదపకుండా అరచేతుల మధ్య మెల్లగా తిప్పండి.

మామిడిచెట్టు కంటే సూదితోనే భయం ఎక్కువ. జ్వరమొస్తే ఊళ్లో ఎవరో ఒకరు పిరుదుకి ఇంజెక్షన్ వేయించమంటారు. వద్దు. కండలోపల రోజుల తరబడి రక్తం కారుతుంది. జ్వరానికి ఉత్త పారాసిటమాలే. మెడికల్ షాపులో ఇచ్చే కొన్ని సిరప్‌లలో దానితోపాటు ఐబుప్రోఫెనో మెఫెనమిక్ ఆసిడో కలిసి ఉంటుంది, ఈ పిల్లలకు అవి వద్దు, లేబుల్ చదవండి.

తలకు గట్టిగా తగిలితే బొప్పి కట్టకపోయినా, ఆడుకుంటున్నా సరే, ముందు ఫ్యాక్టర్, తర్వాతే స్కాన్. లోపలి రక్తస్రావం లక్షణాలు గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత బయటపడతాయి. తొడ ముడిచిపెట్టుకుని, కాలు చాపలేక, పొత్తికడుపు నొప్పంటే అపెండిక్స్ అనుకుని ఆపరేషన్‌కు తొందరపడతారు. అది నడుము లోపలి కండరంలో రక్తస్రావం కావచ్చు. నోట్లో రక్తం కారితే ట్రానెక్సమిక్ ఆసిడ్ (కట్టిన గడ్డ కరగకుండా చూసే మందు) పనికొస్తుంది. మూత్రం ఎర్రగా వస్తే మాత్రం వేయకూడదు, మూత్రనాళంలో గడ్డ అడ్డుపడవచ్చు.

ఎమిసిజుమాబ్ (హిమోఫీలియా-ఎలో రక్తస్రావం రాకుండా ముందుగానే వేసే ఇంజెక్షన్) వాడుతున్న పిల్లల సంగతి వేరు. ఇన్‌హిబిటర్ (ఫ్యాక్టర్‌ను పనిచేయనివ్వని యాంటీబాడీ) కూడా ఉండి, రక్తం ఆపడానికి ఎపిసిసి (అలాంటి వాళ్లకు ఫ్యాక్టర్ 8 బదులు ఇచ్చే మందు) రోజుకు కిలోకు 100 యూనిట్లు దాటి, 24 గంటలు లేదా అంతకు మించి ఇచ్చినప్పుడు, రక్తనాళాల్లో గడ్డలు కట్టిన కేసులు ఎమిసిజుమాబ్ పరీక్షల దశలోనే కనిపించాయి. పైగా ఎమిసిజుమాబ్ వల్ల ఎపిటిటి (రక్తం గడ్డకట్టే సమయం చూసే) పరీక్ష మామూలుగా వచ్చి, కొత్త డాక్టరు జబ్బే లేదనుకునే ప్రమాదముంది. అందుకే మందు పేరు, ఇన్‌హిబిటర్ ఉందా లేదా, ఈ నెల బరువు, మీ హిమోఫీలియా సెంటర్ ఫోన్ నంబరు రాసిన కార్డు పిల్లాడి జేబులో ఒకటి, తాతగారి దగ్గర ఒకటి పెట్టండి.