కడపరాయి పలక మీద జంట భూకంపం: బడిలో చేసి చూపే పద్ధతి

2023 ఫిబ్రవరి 6న తెల్లవారుజామున 4:17కి టర్కీలో 7.8 తీవ్రతతో భూమి కంపించింది. అదే మధ్యాహ్నం 1:24కి ఉత్తరాన సుమారు 95 కిలోమీటర్ల దూరంలో, ఇంకో భ్రంశం మీద 7.5 తీవ్రతతో మరొకటి వచ్చింది. భ్రంశమంటే నేలలోని రాతి పగులు, దాని వెంట రెండు వైపుల రాళ్లూ జారతాయి. మొదటిది రెండోదాన్ని ఎలా లేపిందో రెండు చెక్కముక్కలతో చూపొచ్చు. ఒక్క షరతు: రెండో చెక్క ముందే జారడానికి సిద్ధంగా ఉండాలి. చాలామంది ఇది మరిచిపోయి, ప్రయోగం పనిచేయలేదంటారు.

పలకకు దూరం పోనక్కర్లేదు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు పాలిష్ యూనిట్లలో నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ముక్క దొరుకుతుంది. 20 మి.మీ. మందమైతే దాదాపు 20 కిలోలుంటుంది. ఇద్దరు పట్టుకుని నేల మీదే పరవండి, బల్ల ఎక్కించకండి. దాని మీద 60 నంబరు ఉప్పుకాగితం మూడు షీట్లు వరసగా అంటించాలి. అంచు మీద అంచు ఎక్కితే చెక్క అక్కడ తట్టుకుని, భూకంపంతో సంబంధం లేని పెద్ద గెంతు వేస్తుంది.

15 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పున్న చెక్కలు రెండు తీసుకోండి. అడుగున అదే ఉప్పుకాగితం అంటించి, ఒక్కోదాని మీద అరకిలో రాతిముక్కలు రెండేసి పెట్టండి. పాత సైకిలు ట్యూబులోంచి 2 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవు పట్టీలు రెండు కోయండి. ఒకటి రెండు చెక్కల మధ్య. రెండోది ముందుచెక్కకీ లాగే దారానికీ మధ్య. దారం మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వాడేదైతే చాలు.

చేత్తో లాగితే కుదుపులొస్తాయి, ఏ గెంతు చెక్కదో ఏది చేతిదో తెలియదు. అందుకే అర అంగుళం పీవీసీ పైపుకు దారం చుట్టి, గిలకలా తిప్పాలి. ఒక చుట్టుకు సుమారు 6.7 సెం.మీ. దారం వస్తుంది. పైపు చివర ఎనిమిది గీతలు పెట్టుకుంటే గీతకు 8 మి.మీ. పైచిలుకు. పలక పక్కన టేపు అంటించి, ప్రతి గీతకీ రెండు చెక్కలూ ఎక్కడున్నాయో రాయించండి.

అసలు పని ఇక్కడుంది. ముందుచెక్కను ఒకరు గట్టిగా పట్టుకోవాలి. వెనకచెక్కను మెల్లగా వెనక్కి జరుపుతూ, వదిలి చూడండి. ఏ పొడవు దగ్గర పట్టీ దాన్ని ముందుకు గుంజిందో గుర్తుపెట్టుకుని, దానికి సుమారు ఒక సెంటీమీటరు తక్కువలో ఉంచండి. ఇప్పుడు గీత గీతా తిప్పండి. ముందుచెక్క ఉన్నట్టుండి దూకుతుంది. దాని ముందున్న పట్టీ సడలుతుంది, వెనక పట్టీ ఇంకాస్త సాగుతుంది. ఆ కాస్తకే వెనకచెక్క కూడా దూకుతుంది. కదలకపోతే ఇంకో రెండు గీతలు తిప్పండి.

ఈసారి వెనక పట్టీ వదులుగా ఉంచి మొదటినుంచి చేయండి. ముందుచెక్క దూకుతుంది, వెనకది ఉలకదు పలకదు. తోపు రెండుసార్లూ ఒకటే, వెనకచెక్క సిద్ధంగా ఉందా లేదా అన్నదే తేడా. టర్కీలోనే 1999 ఆగస్టు 17న ఇజ్మిత్‌లో 7.6 వస్తే, దాని తూర్పు కొసన ద్యూజ్జేలో 7.2 రావడానికి 87 రోజులు పట్టింది. 1992లో కాలిఫోర్నియాలో లాండర్స్ భూకంపం (7.3) తర్వాత బిగ్‌బేర్‌లో 6.5 తీవ్రతది రావడానికి మూడు గంటలే. ఆ ఆలస్యాన్ని ఈ చెక్కలు చూపలేవు, అది పిల్లలకు ముందే చెప్పేయండి.

రెండో కిటుకు బిగింపు. వెనకచెక్కను మళ్లీ జారబోయే స్థితిదాకా తెచ్చి, గిలక ముట్టకుండా, దాని మీది అరకిలో ముక్క ఒకటి నిలువుగా పైకెత్తండి. లాగుడు ఏమీ పెరగలేదు, అయినా చెక్క జారిపోతుంది. మొదటి భూకంపం పక్క భ్రంశాన్ని అడ్డంగా తోసినా, రెండు ముఖాల మధ్య నొక్కు సడలించినా ఫలితం ఒకటే. నొక్కు పెరిగితే ఫలితం తారుమారవుతుంది, ఆ భ్రంశం కొంతకాలం వెనక్కి తగ్గుతుంది. ముక్క ఎత్తేటప్పుడు చెయ్యి వణికితే ప్రయోగం చెడినట్టే.

పదిహేను ఇరవై గెంతుల తర్వాత గెంతులు చిన్నవై, చెక్క నున్నగా పాకడం మొదలెడుతుంది. గరుకు గింజల మధ్య పొడి నిండిందన్నమాట. కుంచెతో దులపండి, అప్పటికీ కాకపోతే కాగితం మార్చండి. రెండు చెక్కలూ ఎప్పుడూ కలిసే కదులుతుంటే మధ్య పట్టీ మరీ బిర్రుగా ఉంది, వెడల్పు 1 సెం.మీ.కి తగ్గించండి. పట్టీ తెగితే కంటికి తగులుతుంది, పిల్లలు పక్కన కూర్చోవాలి గానీ ఎదురుగా కాదు.

2024 డిసెంబరు 4న ములుగులో వచ్చిన 5.3 ఇక్కడి భూమిని కదిలిస్తుందా అని ఎవరో ఒకరు అడగకపోరు. ఈ రకం తోపు దూరంతో చాలా వేగంగా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే సుమారు ఎనిమిదో వంతే మిగులుతుంది. పెద్ద భూకంపం నేలలో పంపే అలలు మాత్రం, లాండర్స్ తర్వాత జరిగినట్టు, వెయ్యి కిలోమీటర్ల అవతల సిద్ధంగా ఉన్నచోట చిన్నవాటిని లేపగలవు. దీన్నీ చూపొచ్చు: పలక కొసన స్టీలు గిన్నెలో నీళ్లు పెట్టండి. చెక్క దూకినప్పుడు నీళ్లు సన్నగా వణుకుతాయి. గిన్నె మాత్రం ఉన్నచోటే ఉంటుంది.