పెద్దపులి ఫోటో చూసి అది ఏ పులో తేల్చడం

ఏ పులో చెప్పేది దాని చారలను బట్టే. కానీ ఒకే పులికి కుడి పక్క చారలు ఒకలా, ఎడమ పక్క చారలు ఇంకోలా ఉంటాయి. పులుల లెక్కలో తప్పులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. అందుకే కెమెరా ట్రాప్‌లను (జంతువు ఎదురుగా రాగానే దానంతటదే ఫోటో తీసే కెమెరాలను) బాటకు ఇరువైపులా జంటగా కడతారు.

జాతీయ పులుల గణనలో అడవిని గడులుగా విడదీసి, 2 చదరపు కిలోమీటర్ల గడికి ఒక జత పెడతారు. గడిలో ఎక్కడ పడితే అక్కడ కాదు: జీపు బాట, వాగు ఇసుక, రెండు దారులు కలిసే చోటు, గోళ్లతో గీరిన చెట్టు దగ్గర. నల్లమలలో అయితే మ్యాప్ కన్నా చెంచు ట్రాకర్ చూపించిన చోటే మేలు.

కెమెరాను బాట మధ్య నుంచి 3-4 మీటర్ల దూరంలో, నేల నుంచి మోకాలి ఎత్తులో కట్టండి. రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉంటే ఒకదాని ఫ్లాష్ రెండోదాని ఫోటోను తెల్లగా చేసేస్తుంది. ఒకదాన్ని కాస్త పక్కకు జరపండి. ముందున్న గడ్డి, రెమ్మలు కోసేయండి, లేకపోతే గాలికి ఊగి కార్డు నిండా ఖాళీ ఫోటోలే. రెండు గడియారాల్లోనూ ఒకే సమయం పెట్టాలి. తేడా ఉంటే కుడి, ఎడమ ఫోటోలు ఒకే పులివని చెప్పలేం. చివరగా కెమెరా ముందు చేతులు, మోకాళ్ల మీద పాకి చూడండి. నిలబడి నడిస్తే పడిన ఫోటో పులికి పడుతుందన్న హామీ లేదు. సెన్సార్ పట్టేది ఒంటి వేడికీ పరిసరాల వేడికీ ఉన్న తేడాని. మండు వేసవి మధ్యాహ్నం ఆ తేడా తగ్గి, పులి ఎదురుగా వెళ్లినా ఫోటో పడకపోవచ్చు.

పోల్చేటప్పుడు తొడ, పక్కటెముకల భాగంతో మొదలుపెట్టండి. భుజం దగ్గర చర్మం నడకకు సాగుతుంది, అక్కడి చారలు మోసం చేస్తాయి. చార ఎక్కడ రెండుగా చీలింది, ఎక్కడ తెగింది, ఎక్కడ ఉంగరంలా మూసుకుంది అన్నవి చూడాలి. కనీసం మూడు చోట్ల కలవాలి, స్పష్టంగా కనిపించే ఒక్క చోట కలవకపోయినా అది వేరే పులి. పొట్ట సైజు, గాయపు మచ్చలు మారిపోతాయి, వాటిని నమ్మకండి. ఎక్స్‌ట్రాక్ట్‌కంపేర్ లాంటి సాఫ్ట్‌వేర్ దగ్గరి పోలికలను ముందుకు తెస్తుంది, అంతే. తీర్పు కంటిదే. ఇద్దరు విడివిడిగా చూడాలి.

ఎడమ పక్క ఫోటో మాత్రమే దొరికిన పులులు 6, కుడి పక్క మాత్రమే దొరికినవి 4 అనుకోండి. కలిపి 10 అనకూడదు, ఆ నాలుగూ ఈ ఆరింట్లోవే కావచ్చు. రెండు పక్కలూ దొరికిన పులులకు ఆ ఆరునే కలపండి. ఏడాది లోపు పిల్లలను లెక్కలోకి తీసుకోరు.

తేలని ఫోటోకు కొత్త నంబరు ఇవ్వకండి. పాత పులినే కొత్తదిగా రాస్తే ఒక అంకె పెరగడమే కాదు, మళ్లీ కనబడినవి తక్కువన్నట్టు తేలి (ఫోటోకు చిక్కని పులులను అంచనా వేసేది వాటిని బట్టే) మొత్తం అంచనాయే ఉబ్బుతుంది.

చిరుతకూ ఇదే పద్ధతి, చారల బదులు మచ్చల గుత్తులు చూస్తారు. నల్ల చిరుతకు మాత్రం ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాష్ ఉన్న కెమెరా కావాలి. పగటి ఫోటోలో కనబడని మచ్చలు అందులో బయటపడతాయి.