గేర్‌బాక్స్ టెంపరేచర్ మీటర్ – 4వ పాఠం: కదలని ముల్లు

ఈసారి మీటర్ లైటు వైరు గురించి చెప్పాలనుకున్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. పోయిన పాఠం చూసి సెన్సర్ బిగించినవాళ్లు చాలామంది ఒకే మాట రాశారు: గంటసేపు నడిపినా ముల్లు లేవడం లేదని. కొందరికి లేచినా 150 ఫారెన్‌హీట్ దగ్గరే ఆగిపోతోంది. దయచేసి మీటర్ వెనక్కి పంపకండి, అది బాగానే ఉంది. గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పైపు మధ్యలో ఇత్తడి టీ (T ఆకారపు జాయింటు) పెట్టి అందులో సెన్సర్ బిగించవచ్చని చెప్పి, ఎర్త్ సంగతి, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి సంగతి, నేను వదిలేశాను.

మన సెన్సర్‌కి వైరు ఒక్కటే. రెండో వైరు పని దాని ఇత్తడి ఒళ్లే చేస్తుంది. ఆయిల్ పాన్‌లోనో, గేర్‌బాక్స్ పక్కనున్న టెస్ట్ పోర్టులోనో (ఆయిల్ ప్రెషర్ చూడటానికి ఉంచిన మర రంధ్రం) బిగిస్తే ఎర్త్ దానంతట అదే దొరుకుతుంది. టీకి రెండు వైపులా రబ్బరు హోస్ ఉంటే మాత్రం దొరకదు. రబ్బరు కరెంటును పోనివ్వదు, ఆయిలూ పోనివ్వదు. అందుకే నేనెప్పుడూ టెస్ట్ పోర్టే వాడతాను.

ఇక్కడ అసలు ప్రమాదం వేరే ఉంది. సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, ముల్లు పైకి లేస్తుంది. ఎర్త్ సగం సగంగా ఉంటే అక్కడి రెసిస్టెన్స్ కూడా దీనికి కలుస్తుంది. అప్పుడు ఆయిల్ 240 ఫారెన్‌హీట్ దాటినా ముల్లు 200 లోపే కనబడవచ్చు. అసలు కదలని ముల్లును ఎలాగూ అనుమానిస్తాం. తగ్గించి చూపే ముల్లునే నమ్మేస్తాం. దాన్ని నమ్మి డాలస్ నుంచి పిల్లలతో, ట్రెయిలర్‌తో కొలరాడో బయల్దేరి, దారిలో 7,834 అడుగుల రటోన్ పాస్ అనే కొండ కనుమ ఎక్కేవాళ్లున్నారు. 175 నుంచి 200 వరకు మామూలే. 240 దగ్గర ఆయిల్ జిగురు కట్టడం మొదలవుతుంది, 260 దగ్గర సీళ్లు గట్టిపడతాయి, 295 దాటితే క్లచ్ ప్లేట్లు జారతాయి. నేనైతే 220 చూడగానే బండి పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజన్ నడవనిస్తాను.

ఇక సెన్సర్ మర మీద టెఫ్లాన్ టేప్. వద్దని చెప్పినా చుట్టారు. ఒకరు నాలుగు చుట్లు చుట్టారట! ఇది కుళాయి కాదండీ. ఈ సెన్సర్‌కున్న 1/8 ఎన్‌పీటీ (అమెరికన్ పైపు కొలత) మర కొసకి సన్నబడుతుంది, బిగించేకొద్దీ లోహం లోహాన్ని నొక్కి పట్టుకుంటుంది. మధ్యలో టేప్ దూరిస్తే ఎర్త్‌కి మీరే అడ్డం పడ్డట్టు. పైగా చిరిగిన ముక్క గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ని నడిపించే వాల్వ్ బాడీలోకి పోతే, ఆ సన్నటి దారుల్లోంచి దాన్ని తీయడానికి గేర్‌బాక్స్ విప్పాల్సి రావచ్చు. లిక్విడ్ సీలెంట్ పల్చగా, కొసన మొదటి రెండు మరలు వదిలి రాయండి. చెమ్మ కనబడితే ఇంకో పావు చుట్టు, అంతే.

టీ ఉన్నవాళ్లు ఒక 18 గేజ్ వైరు కొసని హోస్ క్లిప్‌తో ఇత్తడి మీద బిగించి, రెండో కొస ఇంజన్ బోల్టు కింద పెయింట్ గీకి బిగించండి. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు ఎగిరితే తప్పు సెన్సర్‌ది కాదు, మీటర్ వెనక ఎర్త్‌ది.

తేల్చుకోవడం తేలికే. తాళం ఆన్ చేసి, సెన్సర్ వైరు ఊడదీసి ఒక్క సెకను ఇంజన్‌కి తాకించండి. ముల్లు వేడి వైపు చివరిదాకా పోతే మీటరూ వైరూ మంచివే.

అభ్యాసం: మూడు రోజులు, రోజుకి రెండుసార్లు. పొద్దున చల్లటి బండి మీద ఒకసారి, 20 మైళ్లు నడిపి ఇంజన్ ఆపాక ఒకసారి. వైరు ఊడదీసి, సెన్సర్ కొస నుంచి దాని ఒంటికి రెసిస్టెన్స్ ఎన్ని ఓమ్‌లో మల్టీమీటర్‌తో చూడండి. వెంటనే అదే కొస నుంచి బ్యాటరీ మైనస్‌కి చూడండి. రెండు అంకెలూ దాదాపు ఒకటే రావాలి. తేడా ఎంత వస్తే ఎర్త్‌లో అంత లోపం. సైలెన్సర్ పైపు కాలుతుంది, చేతికి గ్లోవ్స్ వేసుకోండి. ఆరు జతల అంకెలూ కాగితం మీద రాసి గ్లోవ్ బాక్స్‌లో పెట్టుకోండి, 5వ పాఠం వాటితోనే మొదలుపెడతాను.